మా అమ్మ మీద జపాన్ వాన

జూన్ 11, బుధవారం

మా అమ్మను ఇవాళ స్కూలు రిసెప్షన్ గోడకు తగిలించారు. ఫొటో కాదు, చెక్క మీద చెక్కి కాగితం మీద అద్దిన బొమ్మ. వానలో పొలం ఒడ్డు మీద నడిచిపోతున్న ఆడమనిషి, ఎదురుగా గుట్ట, పైన బూడిదరంగు ఆకాశం. కింద ఇత్తడి రేకు మీద రాయించారు: వానలో బాటసారి, జపాన్, 1930 ప్రాంతం, చిత్రకారుడు తెలియదు.

తెలియకపోవడానికి ఏముంది? ఆ చిత్రకారుడు ఆ గోడకు నాలుగడుగుల దూరంలో, చేతిలో టిఫిన్ బాక్సు పట్టుకుని, అటెండెన్స్ కోసం లైన్లో నిలబడి ఉంది. పేరు శోభ. జనగామలో ఈ ప్రైవేటు స్కూలుకు డ్రాయింగ్ టీచర్. నేనే.

కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని దగ్గరికి వెళ్ళి చూశాను. చుట్టూ ఉండాల్సిన తెల్ల అంచు లేదు, నీట్‌గా కోసేశారు. నేను పెన్సిల్‌తో పేరు రాసింది ఆ అంచు మీదే. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే ఉంది. అమ్మ నెత్తిన యూరియా సంచితో సహా.

ఎవరికీ చెప్పలేదు. లోపలికి పోయి సెవెంత్ బి సెక్షన్‌కు యాపిల్ షేడింగ్ చెప్పాను. గట్టిగా ఒత్తితే చాక్‌పీస్ విరిగింది. పిల్లలు నవ్వారు.

జూన్ 12, గురువారం

క్లాసులు ముందే మొదలైనా, రీ-ఓపెనింగ్ ఫంక్షన్ ఇవాళ. ఇదంతా విక్రమ్ సార్ మహిమ. మా కరస్పాండెంట్ శ్రీపాల్ సార్ కొడుకు. వాళ్ళకు పాలకుర్తి దగ్గర పొలాలు, ఊళ్ళో మాట, పార్టీలో పలుకుబడి అన్నీ ఉన్నాయి. విక్రమ్ సార్ మార్చిలో ఏదో ఎడ్యుకేషన్ టూర్‌లో జపాన్ పోయి రెండు వారాలు ఉండి వచ్చాడు. ఆ రెండు వారాలకే మనిషి మొత్తం జపాన్ అయిపోయాడు. స్కూలు పేరు వెనక జపనీస్ మెథడ్ అని తగిలించాడు. గుడ్ మార్నింగ్ చెప్పేటప్పుడు నడుం వంచాలట. చెప్పులు బయట విడవాలట, అదేదో మన ఇళ్ళల్లో లేనట్టు.

బొమ్మను హైదరాబాద్‌లో, బంజారాహిల్స్‌లోని ఒక గ్యాలరీలో కొన్నాడు, సర్టిఫికెట్‌తో సహా. బంజారా పిల్ల చెక్కిన బొమ్మ బంజారాహిల్స్‌కు పోయి జపాన్‌ది అయింది. నవ్వొస్తే బాగుండేది, రాలేదు.

అసెంబ్లీలో ఆ సర్టిఫికెట్‌ను మైకులో చదివాడు. ఆ మనిషి కప్పుకున్నది జపాన్ రైతులు గడ్డితో అల్లుకునే వానకోటు. కట్టుకున్నది కిమోనో. వానలోనూ వెలుగుతున్న ఆ చిన్న తెల్లని చంద్రుడు జపాన్ వాళ్ళ ఒంటరితనానికి, సౌందర్యదృష్టికి గుర్తు. పిల్లల చేత చప్పట్లు కొట్టించాడు.

గడ్డికోటు కాదు నాయనా, యూరియా సంచి. ఒక మూలను ఇంకో మూలలోకి తోసి నెత్తిన వేసుకుంటే వీపంతా కప్పుతుంది. నాట్ల కాలంలో ఈ చుట్టుపక్కల జిల్లాల్లో ఏ పొలం చూసినా అదే. వాళ్ళ పొలంలోనూ అదే. కిమోనో కాదు, పేటియా, మా లంబాడీ ఆడవాళ్ళు కట్టే లంగా. చంద్రుడి సంగతి ఇంకోరోజు రాస్తాను. ఇప్పుడు రాస్తే పెన్ను కాగితంలోంచి అవతలికి పోతుంది.

శ్రీపాల్ సార్ భార్య లీలావతి మేడం మాత్రం బొమ్మ ముందు కాసేపు నిలబడి, నాటేసే ఆడోళ్ళ లెక్కనే ఉన్నది గదరా, గా సంచి సూడు, అన్నది. అమ్మా నువ్వు జర ఊకో, పేరెంట్స్ ఉన్నరు అని విక్రమ్ సార్ ఆమెను పక్కకు తీసుకుపోయాడు. ఆమె ఊరుకుంది.

జూన్ 15, ఆదివారం

చంద్రుడి సంగతి.

మా తండా భూపాలపల్లి నుంచి కాటారం పోయే దారిలో, రోడ్డుకు లోపలగా ఉండేది. ఇప్పుడక్కడ ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని గొయ్యి. గుట్ట కూడా లేదు. నేను ఇంటర్ చదువుతున్న వానాకాలంలో ఖాళీ చేయమన్నారు. బాపు రాంజీ అప్పటికే పోయాడు. ట్రాక్టర్ వచ్చేలోపల మా తమ్ముడు రాజేందర్ టేకు తలుపు రెండు రెక్కలూ ఊడదీసి బురదలో పడేశాడు. ఎవరూ ఎత్తుకుపోకుండా నన్ను వాటి మీద కూర్చోబెట్టారు. అమ్మ మా చెలకను, ఆ మెట్ట పొలాన్ని, ఒక్కసారి చూసి వస్తానని సంచి కప్పుకుని వానలో పోయింది. ఒడ్డు మీద ఆమె వీపు చిన్నదైపోతూ గుట్ట దాకా పోయింది. ఏడ్చిందో లేదో నాకు తెలియదు. తిరిగొచ్చింది. ట్రాక్టర్‌లో గిన్నెల మధ్య కూర్చుంది.

తర్వాత నేను హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్‌లో చేరాను. అక్కడ ప్రింట్‌మేకింగ్ సార్ జపాన్ పద్ధతి నేర్పాడు. నూనె రంగులు కాదు, నీళ్ళ రంగులో గంజి కలపాలి. మెషీన్ లేదు, చేత్తో రుద్దాలి. ఆ దేశంలో పాతకాలంలో గీసేవాడు ఒకడు, చెక్కేవాడు ఒకడు, అద్దేవాడు ఇంకొకడు, అమ్మేవాడు వేరొకడట. నాకు అంతమంది ఎక్కడ దొరుకుతారు? అమ్మడం తప్ప మిగతా మూడూ నేనే చేశాను. అందరూ ప్లైవుడ్ కొనుక్కున్నారు. నేను ఆ తలుపు రెక్కలు తెచ్చుకున్నాను. ఒక రెక్క మీద గీతలు చెక్కాను, రెండో రెక్క మీద ఆకాశం. మిగతా రంగులకే ప్లైవుడ్ ముక్కలు.

ఆకాశం రెక్కకు గొళ్ళెం బిగించిన రంధ్రం ఉంది. అక్కడ చెక్క లేదు కనుక రంగు అంటదు, కాగితం గుండ్రంగా తెల్లగా మిగులుతుంది. లప్పం పెట్టి పూడ్చమన్నాడు సార్. నేను పూడ్చనన్నాను. అది మా ఇంటి గొళ్ళెం, ఉంటే ఏమైంది అన్నాను.

అదీ విక్రమ్ సార్ చంద్రుడు.

ఫైనల్ ఇయర్ షోకు ఇచ్చిన ప్రింట్లు నాకు తిరిగి రాలేదు. స్టోర్ రూమ్ ఖాళీ చేసినప్పుడు చిత్తుకాగితాల్లో పోయాయన్నారు. చెత్తలోకి పోలేదన్నమాట, ఎవరి చేతుల్లోకో పోయాయి. ఆ ఎవరో కూర్చుని అంచు కోసి, టీ నీళ్ళో ఏవో పూసి, ఎండబెట్టి, నా బొమ్మకు నా వయసుకంటే ఎక్కువ వయసు తెచ్చారు. ఆ ఓపిక మంచిపనికి పెడితే ఎంత బాగుండేది.

నాకు కావలసింది ఒక్కటే. ఆ ఇత్తడి రేకు తీసేసి నా పేరు రాయాలి. బొమ్మలో ఉన్నది సీతాబాయి అని రాస్తే ఇంకా మంచిది. డబ్బు వద్దు, దండలు వద్దు. ఇంత చిన్న కోరికకు కడుపులో ఇంత మంట ఎందుకో అర్థం కావడం లేదు.

జూన్ 23, సోమవారం

విక్రమ్ సార్ ఆర్డర్ మీద సిక్స్త్ క్లాసు మొత్తం రిసెప్షన్‌లోని జపాన్ వాన బొమ్మను కాపీ చేసింది. వీపు తిప్పుకుని పోతున్న మా అమ్మను సగం మంది ఇటు తిప్పి ముఖం పెట్టి, ఆ ముఖానికి సన్న గీతల కళ్ళు గీశారు. అందరికీ గుడ్ వేశాను.

జూలై 2, బుధవారం

ఇప్పుడు అమ్మ ప్రతిచోటా ఉంది. స్కూలు డైరీ అట్ట మీద, ఐడీ కార్డు మీద, బ్యాగు మీద, చౌరస్తాలో అడ్మిషన్ల ఫ్లెక్సీ మీద. ఫ్లెక్సీ షాపువాడికి బూడిదరంగు నచ్చలేదు కాబోలు, ఆకాశాన్ని వంకాయ రంగు చేశాడు. చంద్రుణ్ణి పెద్దది చేసి చుట్టూ కాంతి పెట్టాడు. మా గొళ్ళానికి ఇంత యోగం పడుతుందని ఎవరనుకున్నారు.

జపాన్ వాళ్ళ ఆ పేరున్న పెద్ద అల బొమ్మను కూడా లోకం ఇలాగే ఫోన్ కవర్ల మీద, చెడ్డీల మీద వేసుకుంటోంది. కాని దాని చిత్రకారుడి పేరు గూగుల్ అడిగితే చెబుతుంది. నా బొమ్మ గురించి అడిగితే గూగుల్ కూడా జపాన్ అనే అంటోంది. అడిగి చూశాను. సిగ్గు లేకుండా మళ్ళీ మళ్ళీ అడిగి చూశాను.

బస్సులకు కూడా స్టిక్కర్ వేశారు. రెండు పక్కలకూ సరిపోవాలని ఒక పక్క బొమ్మను అద్దంలోలాగా తిరగేసి కొట్టారు. డ్రైవర్ మొగిలి అన్న నన్ను పిలిచి, గీమె ఎటు పోతున్నట్టు మేడం, గీ పక్కన పోతున్నది, గా పక్కన మర్లి వస్తున్నది అని అడిగాడు. చెలక చూడడానికి పోయి వస్తున్నదన్నా అని చెప్పాను. మంచిగ పండిందా అన్నాడు. నేను క్లాసుకు పోయాను.

జూలై 9, బుధవారం

ఇక ఉండబట్టలేక విక్రమ్ సార్ రూముకు పోయి చెప్పాను. సార్, రిసెప్షన్‌లో బొమ్మ నాది అన్నాను. నాకు అంత నచ్చిందని చెబుతున్నాననుకుని థ్యాంక్యూ మేడం అన్నాడు. మళ్ళీ చెప్పాను. నేను చెక్కిందే సార్, కాలేజీలో, మా ఇంటి తలుపు మీద. అప్పుడు నవ్వాడు. వెటకారం కూడా కాదు, ముచ్చటపడ్డట్టు నవ్వాడు. మేడం మీరు గింత మంచిగ కాపీ చేస్తరా అన్నాడు.

కాపీ కాదు సార్, అదే ఇది అన్నాను. సర్టిఫికెట్ తీసి చదివాడు. కాగితం జపాన్‌ది, మల్బరీ బెరడుతో చేసింది. అవును సార్, కాలేజీ వాళ్ళు తెప్పించింది. గడ్డికోటు? యూరియా సంచి సార్. చంద్రుడు? గొళ్ళెం రంధ్రం సార్. ఆ మాటకు ఆయన ముఖం ముడుచుకుంది. చంద్రుడి మీద ఆయన అసెంబ్లీలో అంత మాట్లాడాడు మరి.

గ్యాలరీకి వాట్సాప్ పెట్టాడు. స్కూలు వదిలేలోపల జవాబు వచ్చింది. నన్ను పిలిపించి చదివి వినిపించాడు. ఇలాంటి క్లెయిములు మామూలేనట. మన కాలేజీల్లో టీచర్లు జపాన్ ప్రింట్ల రీప్రొడక్షన్లు చూపించి స్టూడెంట్ల చేత కాపీ చేయిస్తారట. ఈ మేడం కూడా ఇదే ప్రింటు ఫొటోను ఎక్కడో పుస్తకంలో చూసి చేసి ఉంటుందట, కాలక్రమంలో తనదే అనుకుంటోందట. పాపం, ఆ మాట కూడా రాశారు. పాపం అని.

జూలై 10, గురువారం

నా బొమ్మను చూసి నేనే కాపీ కొట్టానట. ఇవాళ అన్నం సహించలేదు.

జూలై 20, ఆదివారం

పొద్దున రైలెక్కి మహబూబాబాద్ వచ్చాను. మావాళ్ళు మానుకోట అనే అంటారు. అమ్మ ఇక్కడ రాజేందర్ దగ్గరే ఉంటుంది. వాడు ఆటో నడుపుతాడు.

తలుపు రెక్కల కోసమే వచ్చాను. గీతల రెక్కను చెదలు తినేసిందని రాజేందర్ చెప్పాడు. నా మొహం చూసి, ఒకటి ఉన్నది అక్కా, పరేషాన్ గాకు అన్నాడు. వంటింట్లోకి తీసుకుపోయాడు. ఆకాశం రెక్క అక్కడుంది. రెండు సిమెంటు దిమ్మెల మీద పరిచి దానిమీద గ్యాస్ పొయ్యి పెట్టుకున్నారు. చెక్కిన వైపు కిందికి ఉంది కాబట్టి బతికింది. గొళ్ళెం రంధ్రంలోంచి పైపు కిందికి దిగి సిలిండర్‌కు పోతోంది. ఒంటరితనానికి, సౌందర్యదృష్టికి గుర్తు.

మరదలు శిరీష, మరి పొయ్యి దేనిమీద పెట్టుకోవాలె వదినా అని అడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? మార్కెట్‌కు పోయి ఒక నాపరాతి బండ కొని తెచ్చిచ్చాను.

అమ్మకు ఫోన్లో బొమ్మ చూపించాను. చాలాసేపు చూసింది. అమ్మ మా బాసలోనే మాట్లాడుతుంది, నేను తెలుగులో రాసుకుంటున్నాను, అమ్మను పిలిచే యాడీ తప్ప. నా మొకమేది అని అడిగింది. నువ్వు అటు తిరిగి పోతున్నావు యాడీ, నాకు వీపే కనబడ్డది అన్నాను. నిన్ను జపానోళ్ళ మనిషి అనుకుంటున్నారని చెప్పాను. గాళ్ళు గూడ సంచి కప్పుకుంటరా అన్నది. గడ్డి కప్పుకుంటారట అన్నాను. గడ్డి బర్లకు ఎయ్యక కప్పుకునుడేంది అని నవ్వింది. అంతే. కోపం రాలేదు ఆమెకు. ఆమెకు రావలసిన కోపం కూడా నాకే వస్తోంది.

జూలై 26, శనివారం, మధ్యాహ్నం 3

రిసెప్షన్‌లో బెంచీలు జరిపించాను. శ్రీపాల్ సార్, లీలావతి మేడం, విక్రమ్ సార్ ముగ్గురూ వచ్చారు. పెద్దసార్‌ను నేనే బతిమాలి రప్పించాను, ఒక్కసారి చూడండి సార్, అబద్ధమైతే సోమవారం నుంచి రాను అని. చెక్కను వారం రోజులుగా సబ్బుతో కడిగి ఆరబెట్టాను. ఒక మూల నూనె ఇంకిపోయి ఉంది, పోలేదు.

గంజిలో నలుపు, కొంచెం నీలం కలిపాను. బ్రష్‌తో పూసి, తడి కాగితం పరిచి, గరిటె వెనకవైపుతో రుద్దాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా చేతికి అంతా గుర్తుంది. కాగితం ఎత్తితే ఆకాశం వచ్చింది. గుట్ట ఉన్న చోట తెలుపు, అమ్మ ఉన్న చోట తెలుపు, పైన గుండ్రంగా గొళ్ళెం.

కాగితాన్ని నిలువునా సగానికి మడిచి, ఫ్రేము గాజు మీద ఆనించాను. మడత దగ్గర నా ఆకాశం ఆగింది, వాళ్ళ ఆకాశం మొదలైంది. టేకు చార ఒక్కటి తప్పలేదు. అక్కడొక ముడి ఉంటుంది, ఆ ముడి సగం ఇటు సగం అటు పడి కలిసిపోయింది.

లీలావతి మేడం ముందు గుర్తుపట్టింది. ఓయమ్మ, ఒక్కటే చెక్క గదండీ అన్నది. విక్రమ్ సార్ ఫోన్ లైటు వేసి చూశాడు, కళ్ళద్దాలు తీసి చూశాడు. శ్రీపాల్ సార్ కుర్చీలోంచి లేచి వచ్చి దగ్గరగా చూశాడు. వ్యవసాయం తెలిసిన మనిషి, చెక్క తెలిసిన మనిషి. నమ్మాడు. నాకు ఆ ముఖం చూడగానే తెలిసింది.

ఇప్పుడు ఆ మాట అంటాడు, నీదే టీచరమ్మ అంటాడు అని నిలబడ్డాను.

అయితే గిది డూప్లికేట్ అన్నట్టు, అన్నాడు.

అదే రోజు, సాయంత్రం 6

డూప్లికేట్.

దేనికి డూప్లికేట్? దీనికి ముందు ఇలాంటిది ఎక్కడ ఉంది? ఆ మాట అక్కడే అడగాల్సింది. విక్రమ్ సార్ అప్పటికే గ్యాలరీకి ఫోన్ కలిపి, మమ్మల్ని మోసం చేస్తరా అని అరుస్తున్నాడు. నన్నెవరూ చూడలేదు. చెక్కను గుడ్డలో చుట్టుకుని, చెయ్యి కూడా కడుక్కోకుండా ఆటో ఎక్కి రూముకు వచ్చేశాను.

జూలై 31, గురువారం

విక్రమ్ సార్‌కు నా మీద గౌరవం పెరిగింది. కుర్చీ వేయించి, టీ తెప్పించి, మేడం మీరు గ్రేట్, జపానోళ్ళ ఎక్స్‌పర్ట్‌లనే బోల్తా కొట్టించిన్రు అన్నాడు. నేనెవరినీ బోల్తా కొట్టించలేదు సార్ అన్నాను. వినలేదు. వకీలు తయారుచేసిన స్టాంపు పేపరు ముందు పెట్టాడు. ఇంగ్లిషులో ఉంది. శోభ అనే నేను, కీర్తిశేషులు రాంజీ కూతురును, పైన చెప్పిన నకిలీ బొమ్మను స్వయంగా తయారుచేశానని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

నేను సంతకం పెడితే గ్యాలరీవాడు డబ్బు వాపసు ఇస్తాడట.

నకిలీ అన్న మాట తీసేయండి, ఒరిజినల్ అని రాయండి, ఇది శోభ చేసిన ఒరిజినల్ అన్నాను. విక్రమ్ సార్ నాకు చాలా ఓపికగా, సిక్స్త్ క్లాసుకు చెప్పినట్టు చెప్పాడు. ఒరిజినల్ అంటె వాడు వాపసు తీస్కోడు మేడం. జపాన్‌ది గాకపోతె నకిలీదే గద.

నేను చేసిన దాన్ని జపాన్‌ది అని రాసింది వాళ్ళు. నకిలీ నేను.

ఆగస్టు 2, శనివారం

శ్రీపాల్ సార్ ఇంటికి పిలిపించాడు. నేను సూటిగా అడిగాను. సంతకం పెడతాను. ఆ గోడకు కొత్త రేకు పెట్టి నా పేరు, మా అమ్మ పేరు రాయండి. బొమ్మ వాపసు పోయినా సరే, చెక్క నా దగ్గరుంది, కొత్తది అద్ది ఇస్తాను.

ఆయన కోపగించుకోలేదు. కోపగించుకుంటే నాకు సులువయ్యేది. జర సమజ్ చేస్కో టీచరమ్మ, జపాన్ అని చెప్పి అడ్మిషన్లు తీస్కున్నం, ఇప్పుడు తండా అని రాస్తె పేరెంట్స్ ఏమంటరు అన్నాడు. మరి బస్సుల మీద, బ్యాగుల మీద ఉన్నదేం చేస్తారు అన్నాను. గవి ఉంటయ్, గవి ప్రింట్లే గద అన్నాడు. నీకు వచ్చే ఏడు పర్మనెంట్ చేస్త అని కూడా అన్నాడు.

అంటే గోడ మీదది నకిలీ కాబట్టి వాపసు పోతుంది. బస్సు మీదది జపాన్ కాబట్టి ఉంటుంది. రెండూ ఒకే రోజు, ఒకే సోఫాలో కూర్చుని చెప్పాడు.

లీలావతి మేడం టీ ఇచ్చింది. నేను ఆనాడే అన్న, నాటేసే ఆడోళ్ళ లెక్కున్నదని, ఎవలిన్నరు అని, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి పోయింది. అందరికంటే ఆమె మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. మిగతావాళ్ళకు కనబడలేదు. ఆమెకు కనబడింది.

ఆగస్టు 4, సోమవారం

రాజేందర్ ఫోన్ చేశాడు. సంతకం పెట్టకు అక్కా అన్నాడు. రేపు గా గ్యాలరోడు కేసు పెడితె పోలీసోళ్ళు పెద్దసారును గుంజుకపోతరా, తండోళ్ళనంగనే నిన్నే గుంజుకపోతరు. బుద్ధున్నదా లేదా, నౌకరి పోతె పోనియ్, ఈడికి రా అన్నాడు.

వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఉద్యోగం కోసం ఆలోచించడం లేదురా అన్నాను. మరి దేనికి అన్నాడు. ఫోన్ పెట్టేశాను. చెబితే వాడికి పిచ్చిగా అనిపిస్తుంది. నాకే అనిపిస్తోంది.

ఆగస్టు 8, శుక్రవారం

పెట్టాను.

ఎందుకో ఇక్కడైనా నిజం రాసుకుంటాను. సంతకం పెట్టకపోతే ఏమవుతుంది? బొమ్మ ఆ గోడ మీదే ఉంటుంది, చిత్రకారుడు తెలియదు అనే రేకుతో. నేను చనిపోయాక కూడా అదే రేకు ఉంటుంది. కాలేజీ షో క్యాటలాగ్ లేదు, నా ప్రింట్లు లేవు, నేర్పిన ప్రింట్‌మేకింగ్ సార్ లేడు, గుట్ట లేదు. ఈ బొమ్మనూ నా పేరునూ ఒకే చోట రాసిన కాగితం ఈ లోకంలో ఇదొక్కటే. దాంట్లో నన్ను దొంగ అన్నారు. అయినా నేనే చేశానని ఉంది. అంత ఆకలిగా ఉన్నాను నేను. ఎంగిలి విస్తరి దగ్గర కూర్చున్నట్టుంది, కూర్చున్నాను.

ఒక్క షరతు పెట్టాను. బొమ్మలో ఏముందో కూడా రాయాలన్నాను. ఆమె మా అమ్మ సీతాబాయి, ఫలానా తండా, కప్పుకున్నది యూరియా సంచి, చంద్రుడు కాదు గొళ్ళెం రంధ్రం. ఒప్పుకోరనుకున్నాను. విక్రమ్ సార్ ఎగిరి గంతేసినంత పనిచేశాడు. సూపర్ మేడం, గివన్ని రాస్తె కేసు ఇంక స్ట్రాంగ్ అయితది అన్నాడు. వకీలుకు ఫోన్లోనే చెప్పి, అవన్నీ చేర్పించి మళ్ళీ టైపు చేయించాడు. మా అమ్మ పేరును స్పెల్లింగ్ అడిగి మరీ రాశారు. ఇన్నేళ్ళలో మా తండా పేరును ఎవరైనా అంత శ్రద్ధగా రాయడం ఇదే మొదటిసారి.

సంతకం పెట్టి, ఒక జెరాక్స్ ఇప్పించమని అడిగాను. కలర్ జెరాక్స్ తీసిచ్చారు.

ఆగస్టు 13, బుధవారం

రిసెప్షన్‌లో కొత్త బొమ్మ. ఆ పెద్ద అలే. కంప్యూటర్ ప్రింటు, జనగామలోనే తీయించారు, చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. కింద ఇత్తడి రేకు మీద చిత్రకారుడి పేరు రాసి ఉంది.

బయట మొగిలి అన్న బస్సు తీస్తున్నాడు. పిల్లలు ఎక్కుతూ, బోనాల పాట ఏదో పాడుకుంటూ, బస్సు మీది అమ్మ వీపు మీద చేతులు ఆనించి తోసుకుంటున్నారు.

ఆగస్టు 17, ఆదివారం, మానుకోట

జెరాక్స్ అమ్మకు చదివి వినిపించాను, మా బాసలోకి మార్చి. చివరిదాకా విన్నది. నువ్వొక్కదానివే దొంగవెట్లయితవ్ బిడ్డా, వానల నడిచింది నేను గదా అన్నది. సిరా తెమ్మంది. ఇంట్లో లేదు. నా నల్లరంగు ఆమె బొటనవేలికి పూశాను. నా సంతకం కింద గట్టిగా ఒత్తింది.